పెట్టె మీద బొట్టు

మొన్న దసరాకి హైదరాబాదు బాలానగర్‌లో అత్తయ్య దగ్గరికి వెళ్లాం. కిందటేడు మావయ్య సంవత్సరీకం ఇంకా కాలేదని పండగ చేసుకోలేదు. ఆ ఇంట్లో మళ్లీ ఆయుధ పూజ జరగడం ఈసారే. బావకి బెంగళూరులో సెలవు దొరకలేదు. అందుకని పూజ నన్నే చెయ్యమంది అత్తయ్య.

దేవుడి పటాల కింద పీట వేసి, స్పానర్లు, సుత్తి, చిన్న వైస్, అడుగు స్టీలు స్కేలు అన్నీ తుడిచి వరసగా పెట్టేసింది. చివరికి బీరువా తీసి ఒక చెక్క పెట్టె తెచ్చింది. అరచేతిలో పట్టేంత పెట్టె.

"నువ్వే తెరువు నాన్నా. నాకు దాన్ని ముట్టుకోవాలంటే ఇప్పటికీ భయమే" అంది.

మూత ఎత్తానో లేదో, ఆ వాసన. మెషిన్ ఆయిలు, పాత మఖమల్ గుడ్డ, వాటి కింద ఎక్కడో సన్నగా ఇనుము. ఆ వాసన మావయ్య చొక్కాది, ఆయన సైకిల్ హ్యాండిల్‌ది, చిన్నప్పుడు నా తల నిమిరిన ఆయన చేతిది. కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పెట్టె మూత మీద గంధం, కుంకుమ పొరలు పొరలుగా ఎండి నల్లబడ్డాయి. ఎన్ని దసరాలవో. లోపలున్న మైక్రోమీటరు మీద మాత్రం ఒక్క చుక్క లేదు. రెండు ఉక్కు ఫేసుల మధ్య వస్తువుని పట్టి, వెంట్రుక మందాన్ని కూడా కొలిచే పనిముట్టు అది. అది మావయ్య పెట్టిన నియమం. "బొట్టు పెట్టెకి పెట్టండి, దానికి కాదు. కుంకుమ పొడి ఫేసుల మధ్యకి చేరితే కొలత పోతుంది, గంధం తడి తగిలితే తుప్పు పడుతుంది" అనేవాడు. పురోహితుడు వచ్చినా అదే మాట.

*

మాది తెనాలి దగ్గర పల్లె. వేసవి సెలవులు రాగానే అమ్మ నన్ను రైలెక్కించి మావయ్య దగ్గరికి పంపేసేది. అప్పటి బాలానగర్ అంటే హెచ్.ఏ.ఎల్., ఐ.డి.పి.ఎల్., హెచ్.ఎం.టి. లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీల పెద్ద పెద్ద గేట్లు, వాటి చుట్టూ జాబ్‌వర్క్ చేసే రేకుల షెడ్లు. 1968లో పెట్టిన టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్, సి.ఐ.టి.డి., కూడా అక్కడే. దానివల్ల ఆ చుట్టుపక్కల టీ కొట్లలో కూడా ముక్కల్ని అచ్చుపోసే డైలు, వాటిని కదలకుండా పట్టే జిగ్గులు, ఫిక్చర్ల గురించే మాట్లాడుకునేవాళ్లు. పొద్దున్న సైరన్ మోగగానే వీధి నిండా సైకిళ్లు. సాయంత్రం ఆ సైకిళ్లే వెనక్కి వస్తూ, కటింగ్ ఆయిల్ వాసన మోసుకొచ్చేవి.

మావయ్య ఒక ఫ్యాక్టరీ టూల్‌రూంలో, అంటే ఆ డైలు, జిగ్గులు తయారయ్యే చోట, ఫిట్టరు. మామూలు రోజుల్లో గేటు దాటి లోపలికి పోనిచ్చేవాళ్లు కాదు. ఆయుధ పూజ నాడు మాత్రం ఇంట్లోవాళ్లని తీసుకెళ్లొచ్చు. ఒక ఏడు దసరా సెలవులకి కూడా నన్ను రప్పించుకుని తీసుకెళ్లాడు. మామిడాకులు కట్టిన లేత్ మెషిన్లు, గుమ్మడికాయ కొట్టిన ఎర్రటి మరకలు, చక్‌లకి బంతిపూల దండలు. ఎప్పుడూ హోరెత్తే చోటు ఆ రోజు గుడిలా నిశ్శబ్దంగా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది టూల్ స్టోరు. కిటికీ లాంటి కంత, దాని వెనక గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో ఇత్తడి టోకెను. ఒక్కొక్క పనివాడికి ఒక నంబరు. మైక్రోమీటరు కావాలంటే తన టోకెను ఇచ్చి తీసుకోవాలి, అది ఖాళీ అయిన చోట వేలాడుతుంది. సాయంత్రం పనిముట్టు తిరిగి ఇస్తే టోకెను వెనక్కి వస్తుంది. గాలికి అవి ఒకదానికొకటి తగిలి గణగణమనడం ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

స్టోరు పక్కనే అద్దాల తలుపున్న చిన్న గది. లోపలికి వెళ్లగానే ఒళ్లు జల్లుమంది. జీవితంలో ఏసీ గాలి తగలడం అదే మొదటిసారి. "మీకు ఏసీ కూడా ఇచ్చారా మావయ్యా?" అంటే, "ఇది మనకి కాదురా, ఇనుముకి" అన్నాడు. అర్థం కాలేదు. తర్వాత చదువుకున్నప్పుడు అర్థమైంది. కొలతలకి ప్రపంచమంతా 20 డిగ్రీలనే ప్రమాణంగా పెట్టుకుంది. ఆ వేడి దగ్గర సరిగ్గా 100 మిల్లీమీటర్లున్న ఉక్కు ముక్క, మన మే నెల 40 డిగ్రీల్లో 0.023 మిల్లీమీటరు పెరుగుతుంది. డై చేసేవాడికి అది చాలా పెద్ద తేడా.

ఆ గదిలో ఒకాయన చెక్క పెట్టెలోంచి రెండు ఉక్కు బిళ్లలు తీశాడు. స్లిప్ గేజీలు, మిగతా కొలత పనిముట్లని సరిచూసే బిళ్లలు. లేడి తోలుతో తుడిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి మెల్లగా జరిపి తిప్పాడు. పై దాన్ని పట్టుకుని ఎత్తితే కిందిదీ లేచి వచ్చింది. అయస్కాంతం కాదు, జిగురు కాదు. అంత నున్నగా, అంత చదునుగా ఉంటే చాలు, అతుక్కుంటాయట. "రాత్రంతా ఇలా వదిలేస్తే పొద్దున్నకి విడదీయడం కష్టం" అంటూ వెంటనే విడదీసి పెట్టెలో పెట్టేశాడాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

*

మా ఊళ్లో వడ్రంగి తాత కొలతల్లో అన్నిటికన్నా చిన్నది నూలు. అంగుళంలో ఎనిమిదో వంతు. "రెండు నూళ్లు తగ్గించు" అంటే ఆ గుమ్మం కుదిరిపోయినట్టే. మావయ్య ఆ ఒక్క నూలునీ మళ్లీ 125 ముక్కలు చేసేవాడు. ఒక్కో ముక్క ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు.

ఆయన సొంత మైక్రోమీటరు కూడా అంగుళాలదే. ఇంగ్లండులో షెఫీల్డ్‌లో తయారైన మూర్ అండ్ రైట్. ఒక అంగుళం వరకు కొలుస్తుంది. ఫ్రేము మీద సన్నటి అక్షరాల్లో భిన్నాలకి దశాంశాల పట్టిక చెక్కి ఉంటుంది. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, మావయ్య పనిలో చేరేనాటికి కొత్త డ్రాయింగులు మిల్లీమీటర్లలో, పాత మెషిన్ల స్పేర్లు అంగుళాల్లో ఉండేవట. ఒక థౌ అంటే మిల్లీమీటరులో నూరో వంతులు రెండున్నర, కొంచెం ఎక్కువ. ఆ లెక్కంతా ఆయన నోటి మీదే జరిగిపోయేది.

ఆయన దాన్ని కొత్తగా కొనలేదు. పనిలో చేరిన కొత్తల్లో, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసి వచ్చిన ఒక పెద్ద ఫిట్టరు రిటైరవుతుంటే, ఆయన దగ్గర నెలకి కొంత చొప్పున కట్టి తీసుకున్నాడు. ఫ్రేము లోపలి వైపు మూడు జతల అక్షరాలు గీసి ఉన్నాయి. మొదటి జత ఇంగ్లీషువాడిదో, ఆంగ్లో ఇండియన్‌దో. రెండోది ఆ పెద్ద ఫిట్టరుది. మూడోది మావయ్యది, కాస్త వంకరగా. "మనకి ముందు ఇద్దరు దీన్ని జాగ్రత్తగా చూసుకున్నారురా. పాడు చేస్తే వాళ్లకి మొహం ఎలా చూపిస్తాను?" అనేవాడు. వాళ్లిద్దరూ అప్పటికే లేరు.

మధ్యాహ్నం షిఫ్టు లేని రోజుల్లో వసారాలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. ఫ్రేము ఎడం చేతిలో, తిప్పే గొట్టం, అంటే థింబుల్, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య. అతిగా బిగుసుకోకుండా చివర ఉన్న రాచెట్ తిప్పితే టిక్ టిక్ మని మూడుసార్లు వినాలి, ఆగాలి. ముందు నా వెంట్రుక ఒకటి పీకి పెట్టాడు. రెండు థౌలు. అత్తయ్యది మూడు. వంటింట్లోంచి అత్తయ్య నవ్వింది. తర్వాత రాచెట్ ముట్టుకోకుండా కొలవమన్నాడు. నేను బిగించేశాను. వెంట్రుక నలిగింది.

"బిగించడానికి అది వైస్ కాదు. వస్తువుని పలకరిస్తున్నట్టు తాకు. తగిలింది అని వేలికి తెలియగానే ఆపెయ్."

ఆ పలకరింపు పట్టుబడటానికి నాకు రెండు వేసవులు పట్టింది.

పని అయ్యాక పెట్టెలో పెట్టేటప్పుడు ఫేసులు రెండూ ఆనుకునేలా మూయనిచ్చేవాడు కాదు. ఒక గోరు పట్టేంత సందు వదలాలి. వేడికి పెరిగితే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, మధ్యలో చెమ్మ చేరితే అక్కడే తుప్పు పడుతుంది. "సందు వదిలావా?" అన్నది ఆ ఇంట్లో "కాళ్లు కడుక్కున్నావా?" అన్నంత మామూలు మాట.

ఒకసారి మంచి పని చేస్తున్నాననుకుని గడియారంలా ముల్లు తిరిగే ఆయన డయల్ గేజీకి, దాని కింద లోపలికీ బయటికీ జరిగే ప్లంజర్‌కి కుట్టుమిషన్ ఆయిలు పోశాను. రెండు రోజులకి ముల్లు ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. ఆయిలు లోపలికి దిగి, దుమ్ముతో కలిసి బంకైపోయింది. తిడతాడని వణికిపోయాను. ఏమీ అనలేదు. పాత పేపరు పరిచి, గిన్నెలో పెట్రోలు పోసుకుని, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని శుభ్రం చేశాడు. నా చేత గుడ్డ పట్టించాడు. "అన్నిటికీ ఆయిలు మంచిది కాదు. ఇది పొడిగానే బతుకుతుంది." ముల్లు మళ్లీ వెన్నలా తిరిగినప్పుడు ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

*

ఆ ఫ్యాక్టరీ ఎలా మూతపడిందో నేను రాయను. మావయ్య కూడా ఎక్కువ చెప్పలేదు. డబ్బు కొంత చేతిలో పెట్టి ఇంటికి పంపారు. ఆయన్ని బాధపెట్టింది అది కాదు. టూల్ స్టోరులో ఉన్నదంతా లాట్లు కట్టి తూకం మీద అమ్మేశారు. ఏసీ గదిలో లేడి తోలుతో తుడిచిన వాటిని గోనె సంచుల్లో గుమ్మరించారట. "చప్పుడు విన్నాన్రా" అన్నాడు ఒకే ఒక్కసారి. ఆయన తెచ్చుకున్నది తన ఇత్తడి టోకెను ఒక్కటే.

*

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో కుదురుకుని కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాక, కారు పెట్టాల్సిన చోట ఒక చిన్న పాత లేత్, బెంచ్ డ్రిల్లు పెట్టుకున్నాను. కుట్టుమిషన్లు, మిక్సీ జార్లు, సైకిల్ హబ్బులు బాగు చేసుకోవడం నాకు ఇష్టం. కొలత పనిముట్లు కావాలి. కొత్తవి ధర ఎక్కువ. మావయ్యకి ఫోన్ చేస్తే, "ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డకి రా" అన్నాడు.

ఎర్రగడ్డ ఆదివారం సంత తెలియనివాళ్లు హైదరాబాదులో తక్కువ. రోడ్డు పొడుగునా టార్పాలిన్ల మీద మోటార్లు, గొలుసులు, పాత ఫోన్లు, చెప్పులు, రెంచీలు. మావయ్య ఆ గుట్టల మధ్య నేరుగా ఒక ముసలి చాచా దగ్గరికి నడిచాడు. ఇద్దరూ సలామ్ చెప్పుకున్నారు. చాచా ముందు ఒక రేకు ట్రే నిండా మైక్రోమీటర్లు, దవడలతో కొలిచే వెర్నియర్లు. కొన్నిటి మీద ఇంకా నంబర్లున్నాయి. ఏయే టూల్‌రూంల నుంచి వచ్చాయో.

నేను తళతళలాడే వెర్నియర్ ఒకటి ఎత్తాను. మావయ్య నా చేతిలోంచి తీసుకుని, దవడలు మూసి ఆకాశం వైపు పట్టాడు. కొసల దగ్గర సన్నటి వెలుగు గీత. "చూడు, కొస అరిగింది. ఆ మెరుపు చూశావా? తుప్పు పోవడానికి బఫ్ కొట్టారు. గీతలు కూడా సగం పోయాయి. మెరిసేదాన్ని ఎప్పుడూ కొనకు. చేతులు పడి మాసినట్టుండేదే మంచిది."

తర్వాత జేబులోంచి కాగితంలో చుట్టిన కొత్త బేరింగు తీశాడు. 6204 సైజుది. లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 47. ఈ రెండిట్లో తేడా ఉన్నా మహా అయితే మిల్లీమీటరులో నూరో వంతు దగ్గర ఉంటుంది. వెర్నియర్ బయటి దవడలకి 47, లోపలి దవడలకి 20 చూపించాలి. స్లిప్ గేజీలు మోసుకెళ్లలేని చోట ఇంతకన్నా మంచి సాక్షి లేదు. ఇప్పటికీ నా జేబులో ఒకటి ఉంటుంది.

మైక్రోమీటర్లకి వేరే పరీక్ష. అదే సైజు విరిగిన బేరింగులోంచి తీసిన గుండు ఒకటి ఉండేది ఆయన దగ్గర. అంగుళంలో పదహారో వంతులు అయిదు, అంటే 7.938 మిల్లీమీటర్లు. దాన్ని ఫేసుల నడుమ మధ్యలో ఒకసారి, అంచుల్లో నాలుగు వైపులా ఒక్కోసారి పెట్టి కొలిచేవాడు. అన్ని చోట్లా ఒకే రీడింగు రావాలి. మధ్యలో తక్కువ చూపిస్తే గుంట పడినట్టు. తర్వాత థింబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చూసేవాడు. ఏళ్ల తరబడి ఒకే సైజు కొలిచిన దానికి మర అక్కడే అరిగి, ఆ భాగం వదులుగా, చివర్లు బిగువుగా ఉంటాయి. దాన్ని బాగు చేసే దారి లేదు. నట్టు బిగిస్తే చివర్ల దగ్గర పట్టేస్తుంది.

ఆ ట్రేలో ఒక మిటుటోయో కంపెనీ మైక్రోమీటరు, 25 మిల్లీమీటర్లది. మూస్తే సున్నా దగ్గర మూడు గీతలు తేడా. ఇద్దరు ముగ్గురు చూసి పక్కన పెట్టేశారు. మావయ్య గుండు పెట్టి చూశాడు, మర తిప్పి చూశాడు, మాట్లాడకుండా నా చేతిలో పెట్టాడు.

"సున్నా తప్పింది కదా?"

"సున్నాదేముందిరా, అది పది నిమిషాల పని. ఫేసు పోతే ఎవడు తెస్తాడు?"

చాచా 600 అన్నాడు. మావయ్య 400 అన్నాడు. "తీస్కో బేటా, అసలు జపాన్ మాల్. మీ మామకి కాబట్టి ఇస్తున్న" అన్నాడు చాచా. ఇంటికొచ్చాక రాచెట్ వదులు చేసి థింబుల్ జరిపి, మిగిలిన కాస్త తేడాని చిన్న కొక్కెం స్పానరుతో గీతలున్న స్లీవు తిప్పి సరిచేశాడు. గీతకి గీత కలిసినప్పుడు ఆయన పెదవుల మీదికి వచ్చిన చిరునవ్వు, ఫ్యాక్టరీ పోయాక నేను చూసిన మొదటి చిరునవ్వు.

దాని ఫ్రేము మీద ఎలక్ట్రిక్ పెన్సిలుతో రాసిన నంబరు ఒకటి ఉంది. మావయ్య ఆ నంబరుని వేలితో తడిమి, "వీడు మంచి పనివాడు" అన్నాడు. చెరపమనలేదు. నేనూ చెరపలేదు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్లామో లెక్కలేదు. ఒక్కోసారి ఏమీ కొనకుండా, ఇరానీ చాయ్ తాగి వచ్చేసేవాళ్లం. నా షెడ్డులో ఏసీ లేదు. "అక్కర్లేదు. పని ముక్కా ఉక్కే, మైక్రోమీటరూ ఉక్కే. రెండిటినీ ఒకే బల్ల మీద నీడలో గంటసేపు పడుకోబెట్టు. వాటంతటవే ఒక వేడికి వస్తాయి" అన్నాడు. లేత్ మీంచి వేడివేడిగా తీసిన బుష్‌ని, అంటే షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టాన్ని, ఆత్రంగా కొలిచి, చల్లారాక వదులైపోయి పారేసిన రోజున ఆ మాట విలువ నాకు బాగా తెలిసింది.

*

చివరి రెండేళ్లూ ఆయనకి చూపు బాగా తగ్గింది. శుక్లాల ఆపరేషన్ అయినా సన్న గీతలు ఆనేవి కావు. ఒకరోజు నేను ఒంటరిగా ఎర్రగడ్డలో కొన్న ఒక మైక్రోమీటరు తీసుకెళ్లాను. మంచం మీద కూర్చుని అందుకున్నాడు. తిప్పి చూడలేదు. కళ్లు మూసుకుని థింబుల్‌ని బొటనవేలితో దొర్లించాడు, ముందుకి, వెనక్కి. దిండు కింద నుంచి తన బేరింగు గుండు తీశాడు. దాన్ని ఫేసుల అంచున పెట్టి తగిలేదాకా మెల్లగా మూశాడు, పట్టింది. థింబుల్ కదపకుండా దాన్ని మధ్యలోకి జరిపాడు. గుండు వదులుగా కదిలింది.

"మధ్యలో గుంట ఉందిరా."

నేను అదే గుండు పెట్టి కొలిచి చూస్తే నిజమే. దాదాపు ఒక గీత తేడా. అది నేను చూసుకోకుండా కొన్నది. ఆయన దాన్ని నా చేతిలో పెడుతూ, "చాచా బాగున్నాడా?" అని అడిగాడు. చాచా ఆ మధ్యే పోయాడని అప్పుడు చెప్పలేకపోయాను.

*

పూజ అయ్యాక అత్తయ్య ఆ చెక్క పెట్టె నాకే ఇచ్చింది. పెట్టెలో మైక్రోమీటరు కింద గుడ్డ మడతలో ఇత్తడి టోకెను కూడా ఉంది. బావకి ఫోన్ చేసి అడిగాను. "నీ దగ్గరుంటేనే నాన్నకి ఇష్టం" అన్నాడు.

మర్నాడు విజయదశమి. పనిముట్లు మళ్లీ చేతికి తీసుకోవచ్చు. అత్తయ్య మిక్సీ జారు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. బుష్ అరిగిపోయింది. షాఫ్ట్ బయటికి తీసి, తుడిచి, మావయ్య మైక్రోమీటరు పట్టాను. రాచెట్ ముట్టుకోలేదు. తగిలింది అని వేలికి తెలిసిన చోట ఆపాను. 313 థౌలు దాటి, 314కి కాస్త తక్కువ. కొత్తలో సరిగ్గా ఎనిమిది మిల్లీమీటర్లు, అంటే 315 థౌలు ఉండి ఉంటుంది. ఒక థౌకి పైన అరిగింది. బుష్ ఎంత బోర్ చెయ్యాలో కాగితం మీద రాసుకుని, షెడ్డులో చేసి తెస్తానని చెప్పాను.

మైక్రోమీటరు తుడిచి, గుడ్డలో పెట్టి, పెట్టె మూత వేశాను. అత్తయ్య వంటింట్లో గారెలు వేస్తోంది. మూత పడిన చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"సందు వదిలావా?"